అడిగిన క్షణాన అందే ఇంధనం

చాలా ఏండ్ల క్రిందట, ఒక వైశాఖమాసపు మధ్యాహ్నం, మేము కర్నూలు నుండి అనంతపురానికి అద్దె కారులో ప్రయాణం చేస్తున్నాము. గుత్తి దాటిన తరువాత కారు రెండు మూడు మార్లు దగ్గి, దారి ప్రక్కన నిలిచిపోయినది. టాంకులో పెట్రోలు సగానికి పైగా ఉన్నది. బ్యాటరీ బాగుగానే ఉన్నది. వయసు మళ్ళిన మా డ్రైవరు కంగారు పడలేదు. బానెట్టు ఎత్తి, మరచెంబులోని నీళ్ళతో ఒక గుడ్డను తడిపి, ఇంజనుకు ప్రక్కన ఉన్న చిన్న పెట్రోలు పంపు మీద కప్పి, చింతచెట్టు నీడలోకి వెళ్ళి కూర్చున్నాడు. “పెట్రోలు లేక ఆగలేదండీ. ఉన్న పెట్రోలు పైకి రాక ఆగింది. పంపుకు వడదెబ్బ తగిలింది” అన్నాడు. పావుగంట గడిచిన తరువాత కారు మళ్ళీ కదలినది.

ఆ కాలపు కార్లలో పంపు ఇంజనుకు అంటుకొని ఉండి, వెనుక ఉన్న టాంకు నుండి పెట్రోలును పీల్చుకొనేది. పీల్చినప్పుడు గొట్టంలో పీడనం తగ్గుతుంది. పీడనం తగ్గితే ద్రవం తక్కువ వేడికే మరుగుతుంది. పైన ఎండ, ప్రక్కన ఇంజను సెగ, లోపల తగ్గిన పీడనం, ఈ మూడూ కలిసినప్పుడు పెట్రోలు గొట్టంలోనే ఆవిరైపోతుంది. పంపు ద్రవాన్ని తోయగలదు గాని ఆవిరిని తోయలేదు. తడిగుడ్డ ఆ ఆవిరిని తిరిగి ద్రవంగా మార్చినది. నేటి కార్లలో పంపు టాంకులోపలే, పెట్రోలులో మునిగి ఉండి, పీల్చడానికి బదులు ముందుకు నెట్టుతుంది. అందువల్ల ఈ తరం వారికి ఆ తడిగుడ్డతో పని లేకుండా పోయినది.

ఆ దినం మేము తెలుసుకొన్న సంగతి ఒక్కటే. ఇంధనం ఉండడం వేరు, అందడం వేరు. సాధారణమైన కారులో ఈ భేదం వల్ల కలిగే నష్టం పావుగంట ఆలస్యం మాత్రమే. కాని మహావేగంతో పరుగెత్తే కారులో అదే భేదం ఇంజనును క్షణంలో కాల్చివేయగలదు. ఆ కార్లకు ఇంధనాన్ని తప్పక అందించడానికి ఇంజనీర్లు చేసిన కృషిని గురించి నేడు శ్రోతలకు మనవి చేస్తాము.

ముందుగా ఇంజను ఆహారం ఎట్టిదో చూద్దాము. పెట్రోలు ఇంజను నిజానికి తినేది గాలిని. ఒక కిలో పెట్రోలు పూర్తిగా దగ్ధం కావడానికి సుమారు 14.7 కిలోల గాలి కావలెను. ఒక లీటరు పెట్రోలు బరువు ముప్పాతిక కిలోకు కొంచెం తక్కువ. అంటే ఆ ఒక్క లీటరును కాల్చడానికి ఇంజను దాదాపు తొమ్మిది వేల లీటర్ల గాలిని పీల్చుకోవలసి ఉన్నది. పూర్తి బలంతో పరుగెత్తేటప్పుడు ఈ పాలు కొంచెం మారుతుంది. అప్పుడు కిలో పెట్రోలుకు 12న్నర, 13 కిలోల గాలి మాత్రమే ఇస్తారు. ఆ అదనపు పెట్రోలు ఆవిరి అవుతూ సిలిండరులోని వేడిని తీసుకొంటుంది, లోపలి గాలి ఏ కొంచెమూ వ్యర్థం కాకుండా చూస్తుంది.

ఈ పాలు తప్పి పెట్రోలు ఎక్కువైతే నల్లని పొగ వస్తుంది, శక్తి తగ్గుతుంది, డబ్బు వృథా అవుతుంది. అంతటితో సరి. కాని పూర్తి బలం మీద ఉన్నప్పుడు పెట్రోలు తక్కువైతే కథ వేరు. సిలిండరులో వేడి హద్దు మీరుతుంది. మంట క్రమంగా వ్యాపించడానికి బదులు, మిగిలిన మిశ్రమం ఒక్కుమ్మడిగా పేలుతుంది. మెకానిక్కులు దీనినే నాకింగ్ అంటారు. ఆ దెబ్బలకు అల్యూమినియంతో చేసిన పిస్టను నడినెత్తిన కరిగి చిల్లు పడవచ్చును. దీనికి గంటలు పట్టదు, కొన్ని క్షణాలు చాలును. ఆ తరువాత ఎంత పెట్రోలు పోసినా చేతులు కాలాక ఆకులు పట్టుకొన్నట్లే.

గాలికి తగిన పెట్రోలును కలిపే పని అనేక దశాబ్దాల పాటు కార్బ్యురేటరు చేసినది. అది ఎంతో తెలివైన పరికరం. గాలి పోయే గొట్టం నడుమ ఒక చోట ఇరుకుగా ఉంటుంది. ఆ ఇరుకులో గాలి వేగం పెరిగి పీడనం తగ్గుతుంది. ప్రక్కన ఉన్న చిన్న గిన్నెలోని పెట్రోలు ఆ తగ్గిన పీడనానికి ఆకర్షింపబడి, సన్నని రంధ్రం గుండా వచ్చి గాలిలో కలుస్తుంది. గాలి పెరిగితే పెట్రోలు పెరుగుతుంది. గిన్నెలో పెట్రోలు మట్టం తగ్గకుండా తేలే బుడ్డి ఒకటి కాపలా కాస్తుంది. దానిని ఫ్లోటు అంటారు. నీళ్ళ టాంకులో తేలుతూ కుళాయిని మూసే బంతి వంటిదే అది.

అయితే ఈ ఏర్పాటంతా ఒక నమ్మకం మీద ఆధారపడినది. పెట్రోలు ఎల్లప్పుడూ గిన్నె అడుగుననే నిలకడగా ఉంటుందని ఆ నమ్మకం. బజారు వీధిలో నడిచే కారుకు ఇది నిజమే. మలుపులో దూసుకొనిపోయే కారుకు నిజం కాదు. ఆకాశంలో పల్టీలు కొట్టే విమానానికి అసలే కాదు. వేగపు ఇంజన్ల ఇంధన చరిత్రలో అతి ముఖ్యమైన పాఠం ఒకటి విమానాల వల్లనే లభించినది.

1940లో బ్రిటిష్ వైమానిక దళపు స్పిట్‌ఫైర్, హరికేన్ యుద్ధవిమానాలలో రోల్స్ రాయిస్ వారి మెర్లిన్ ఇంజను ఉండేది. అది కార్బ్యురేటరుతో నడిచేది. ఎదుటనున్న జర్మన్ మెసర్‌ష్మిట్ 109లో డైమ్లర్ బెంజ్ ఇంజను ఉండేది. దానిలో కార్బ్యురేటరు లేదు. పెట్రోలును పంపు నేరుగా సిలిండరులోకి చిమ్మేది. జర్మన్ పైలట్ ముక్కును క్రిందికి వంచి ఒక్కసారిగా దూకితే, వెంట దూకిన బ్రిటిష్ విమానపు ఇంజను తడబడేది. గిన్నెలోని పెట్రోలు పైకెగిరి కప్పుకు తగలడం వల్ల ముందు క్షణకాలం పెట్రోలు అందేది కాదు. ఆ మరుక్షణం ఫ్లోటు తన కాపలా పని మరచి ద్వారం తెరచివేయగా, పెట్రోలు వరదవలె వచ్చి ఇంజనును ముంచివేసేది. ఆ తడబాటు కొన్ని క్షణాలే. కాని శత్రువు తప్పించుకొని పోవడానికీ, వెనుదిరిగి వచ్చి చంపడానికీ ఆ క్షణాలు చాలును. అందుచేత బ్రిటిష్ పైలట్లు ముందు విమానాన్ని తలక్రిందులుగా తిప్పి, ఆ తరువాత దూకవలసి వచ్చేది.

ఈ చిక్కుకు ఉపాయం చెప్పినది ఫార్న్‌బరోలోని రాయల్ ఎయిర్‌క్రాఫ్ట్ ఎస్టాబ్లిష్‌మెంటులో పని చేసే బియాట్రిస్ షిల్లింగ్ అనే స్త్రీ. ఆమె ఇంజనీరు, పందెపు మోటారు సైకిళ్ళు నడపడంలోనూ దిట్ట. 1934లో బ్రూక్‌లాండ్స్ పందెపు బాటలో నార్టన్ మోటారు సైకిలు మీద గంటకు నూరు మైళ్ళకు మించిన వేగంతో చుట్టు తిరిగి, గోల్డ్ స్టార్ అనే గౌరవాన్ని పొందినది. ఆమె ఆలోచన చూడండి. పెట్రోలు రాక మొదట ఆగిపోవడాన్ని అప్పటికప్పుడు మాన్పలేము. కాని తరువాత వచ్చే వరదను ఆపవచ్చును. ఇంజనుకు అత్యధికంగా ఎంత పెట్రోలు కావలెనో లెక్కించి, సరిగ్గా అంత మాత్రమే పోగల రంధ్రం గల చిన్న ఇత్తడి బిళ్ళను గొట్టంలో బిగించినది. 1941 మార్చి నాటికి ఈ బిళ్ళలు దళంలోని యుద్ధవిమానాలలో అమరినవి. వాటిని బిగించడానికి ఇంజనును విప్పనక్కర లేదు, విమానాన్ని కర్మాగారానికి పంపనక్కర లేదు. పీడనంతో పని చేసే క్రొత్త రకం కార్బ్యురేటరు తరువాత వచ్చినది గాని, అంతవరకు పైలట్ల ప్రాణాలకు ఈ బిళ్ళ కాపు కాచినది.

ఈ కథలో మనం గుర్తు పెట్టుకోవలసినవి రెండు ఉన్నవి. ఇంధన సరఫరాను పరీక్షించవలసినది అతి క్లిష్టమైన క్షణంలో గాని, సమమైన దారిలో కాదు. మెరుగుపరచడమంటే ఎల్లప్పుడూ ఎక్కువ పోయడం కాదు, కొలిచి పోయడం.

యుద్ధానంతరం ఈ విద్య నేలమీది కార్లకు దిగినది. 1954లో మెర్సిడెస్ బెంజ్ వారు 300 ఎస్‌ఎల్ అనే కారును న్యూయార్కు ప్రదర్శనలో చూపించారు. తలుపులు పక్షి రెక్కలవలె పైకి తెరచుకొనే ఆ కారును మీలో చాలామంది చిత్రాలలో చూచియుందురు. మూడు లీటర్లకు కొంచెం తక్కువైన అదే పరిమాణపు ఇంజను, ఆ సంస్థవారి 300 సెడాన్‌లో కార్బ్యురేటర్లతో 115 అశ్వశక్తిని ఇచ్చేది. 1952 నాటి పందెపు కారులో 170 ప్రాంతాన ఉండేది. పెట్రోలును నేరుగా సిలిండరులోకి చిమ్మే బాష్ పంపును అమర్చిన ఈ రోడ్డు కారులో 215 అయినది. బజారులో అమ్మిన కారు, పందెంలో నెగ్గిన కారును మించినదన్న మాట.

కారణం ఏమి? గాలి గొట్టాలలో కార్బ్యురేటరు ఇరుకు లేదు గనుక గాలి ధారాళంగా వచ్చినది. పెట్రోలు సిలిండరులోనే ఆవిరి కావడం వల్ల అక్కడి గాలి చల్లబడినది. చల్లని గాలి దట్టమైనది, కనుక మంటకు మరింత బలం. అన్నిటికంటె ముఖ్యంగా, మలుపులలో ఒరిగిపోవడానికి అందులో గిన్నె లేదు.

అయినా దోషం లేని యంత్రం ఉన్నదా? ఆ పంపు ఇంజనుతో పాటు తిరిగేది. తాళం త్రిప్పి మంటను ఆపిన తరువాత, ఇంజను పూర్తిగా ఆగేవరకు కూడా పెట్రోలును చిమ్ముతూనే ఉండేది. కాలకుండా మిగిలిన ఆ పెట్రోలు సిలిండరు గోడలమీది నూనెను కడిగివేసి, అడుగునున్న నూనెలో కలిసేది. అందుచేత యజమాని తరచుగా నూనె మార్చుకోవలసి వచ్చేది. యంత్రంతో కొలత వచ్చినది గాని, అవసరం తీరినదని గుర్తించే తెలివి ఇంకా రాలేదు.

ఆ తెలివి విద్యుత్తు వల్ల వచ్చినది. అమెరికాలో బెండిక్స్ సంస్థవారు 1950 దశకం చివర విద్యుత్తుతో నడిచే పద్ధతిని కార్లలో పెట్టి చూచారు గాని, ఆనాటి పరికరాలు వేడికీ తేమకూ తట్టుకోలేకపోయినవి. 1967లో బాష్ వారు అటువంటి పద్ధతినే ట్రాన్సిస్టర్లతో దృఢంగా రూపొందించి, ఫోక్స్‌వాగన్ 1600 కారులో ప్రవేశపెట్టారు. 1976లో వోల్వో కార్లలో మరియొక పరికరం వచ్చినది. పొగ గొట్టంలో కూర్చుండి, బయటకు పోయే వాయువులో ఎంత ఆమ్లజని మిగిలినదో అది చెప్పుతుంది. అంటే వంట అయిన తరువాత రుచి చూచి, ఉప్పు హెచ్చో తగ్గో వంటవానికి చెప్పే మనిషి దొరికినాడు. మన దేశంలో ద్విచక్ర వాహనాలకు సైతం ఈ పద్ధతి చేరినది. 2020 ఏప్రిల్‌లో భారత్ స్టేజి 6 నియమాలు అమలులోకి వచ్చిన పిమ్మట క్రొత్త మోటారు సైకిళ్ళలో కార్బ్యురేటరు దాదాపు కనుమరుగైనది.

ఇప్పుడు ఒక చిన్న లెక్క వేద్దాము. ఆరు సిలిండర్లతో 300 అశ్వశక్తి ఇచ్చే ఇంజను పూర్తి బలంతో తిరుగుతున్నదనుకొందాము. అది గంటకు దాదాపు 90 లీటర్ల పెట్రోలు త్రాగుతుంది. అంటే నిమిషానికి లీటరున్నర. నిమిషానికి 6000 భ్రమణాలు తిరిగేటప్పుడు ప్రతి సిలిండరుకు నిమిషానికి 3000 మార్లు, ఆరింటికి కలిపి 18000 మార్లు ఇంధనం అందవలెను. ఒక్కొక్క మారు పడేది మిల్లీలీటరులో పన్నెండో వంతు. మందు సీసాలోనుండి జారే చుక్కలతో పోల్చితే రెండు చుక్కలకు మించదు. ఆ రెండు చుక్కలు సెకండులో ఏబదో వంతులో కొలిచి, చిమ్మి, ఆగవలెను. నేరుగా సిలిండరులోకి చిమ్మే పద్ధతిలో గాలి లోనికి వచ్చే వ్యవధి సెకండులో రెండువందలో వంతు మాత్రమే. అందుకే అటువంటి కార్లలో పీడనం వాతావరణ పీడనానికి రెండు వందల రెట్లు, ఒక్కొక్కచో మూడువందల ఏబది రెట్లు ఉంటుంది.

ఈ లెక్కను ఎందుకు చెప్పినామనగా, ఈనాడు అనేకమంది యువకులు తమ కార్ల శక్తిని పెంచుకోవాలని ఉబలాటపడుతున్నారు. గాలిని బలవంతంగా నెట్టే టర్బోను పెద్దది చేయించుకొంటారు. కంప్యూటరులోని లెక్కలు మార్పించుకొంటారు. కాని టాంకు నుండి సిలిండరు వరకు గల గొలుసును చూడరు. టాంకు, వడపోత, పంపు, పంపుకు పోయే తీగ, గొట్టం, పీడనాన్ని నియమించే వాల్వు, ఇంజెక్టరు, ఇవి ఆ గొలుసులోని లంకెలు. ఎంత పెద్ద గొలుసైనా దాని బలం అతి బలహీనమైన లంకె పాటిదే.

ఒక ఉదాహరణ చెప్పుతాము. గాలి గొట్టంలోకి పెట్రోలును చిమ్మే కారులో ఇంజెక్టరు వెనుక పీడనం మూడు వాతావరణాలు అనుకొందాము. టర్బో గాలిని ఒక వాతావరణం మేర ఎక్కువగా నెట్టినది. ఇప్పుడు పెట్రోలును ముందుకు నెట్టేది మూడు కాదు, ఎదురు ఒత్తిడి పోగా రెండే. పీడనంలో మూడో వంతు తగ్గితే ప్రవాహం సుమారు 18 శాతం తగ్గుతుంది. అంటే ఎప్పుడు ఎక్కువ కావలెనో, సరిగ్గా అప్పుడే తక్కువ వస్తుంది! అందువల్ల గాలి ఒత్తిడి ఎంత పెరిగితే పెట్రోలు ఒత్తిడిని అంతే పెంచే వాల్వు ఉండి తీరవలెను. ఒత్తిడి పెరిగినప్పుడు పంపు పోసే పరిమాణం తగ్గుతుంది గనుక పంపు సామర్థ్యాన్ని కూడా ఆ హెచ్చు ఒత్తిడి వద్దనే లెక్కించవలెను. పంపు క్రొత్తది అయినంత మాత్రాన చాలదు. దానికి పోయే తీగ సన్ననిదై రెండు వోల్టులు దారిలో తగ్గిపోతే, ఆ పంపు పోయవలసినంత పోయదు. వందల రూపాయల తీగలో లోభించి లక్షల ఇంజనును పోగొట్టుకొన్న వారిని మేము ఎరుగుదుము.

ఇక మలుపుల సంగతి. తన బరువుతో సమానమైన బలం ప్రక్కకు లాగే మలుపులో కారు తిరిగినప్పుడు, టాంకులో పెట్రోలు మట్టం 45 డిగ్రీలు వాలిపోతుంది. టాంకు సగం ఖాళీగా ఉంటే పంపు ముఖం గాలిలో తేలుతుంది. ఒక్క సెకండు పంపు గాలిని పీల్చినదనుకోండి. ఆ సెకండులో 6000 భ్రమణాల మీద ప్రతి సిలిండరు 50 మార్లు మండుతుంది. ఎనుబది ఏండ్ల క్రిందట స్పిట్‌ఫైరులో వచ్చిన చిక్కే ఇది. పందెపు కార్లలో దీనికి విరుగుడుగా టాంకులో అడ్డు పలకలు పెడతారు, లేదా ఎప్పుడూ నిండుగా ఉండే చిన్న టాంకును ముందు పెడతారు. పెద్ద టాంకు నుండి ఒక పంపు దీనిని నింపుతూ ఉంటుంది, దీనినుండి మరియొక పంపు ఇంజనుకు అందిస్తుంది. పెద్ద టాంకులో పెట్రోలు ఎటు ఒరిగినా, చిన్న టాంకు ఎండదు. మన పల్లెలలో బావి నీరు తొట్టిలోకి తోడి, తొట్టినుండి వాడుకొన్నట్లే.

ఇంధనం మారినా లెక్క మారుతుంది. ఇథనాలుకు గాలి తక్కువ కావలెను, కిలోకు 9 కిలోలు మాత్రమే. అందుచేత నూటికి ఇరువది పాళ్ళు ఇథనాలు కలిసిన పెట్రోలుకు పాలు 14.7 నుండి సుమారు 13న్నరకు దిగుతుంది. అదే గాలికి ఇంధనం కొంచెం ఎక్కువ పోయవలెను. మామూలు కారు దీనిని తనంతట సర్దుకొంటుంది. కాని పంపునూ ఇంజెక్టర్లనూ చివరి హద్దు వరకు వాడుకొన్న కారులో సర్దుకోవడానికి చోటు మిగలదు. అందుకే తెలిసిన మెకానిక్కులు ఇంజెక్టర్లను తెరచి ఉంచగల కాలంలో నూటికి ఎనుబది, ఎనుబదియైదు పాళ్ళకు మించి వాడనీయరు. మిగిలినది ఆపత్కాలానికి దాచిన ధాన్యం వంటిది.

మరియొక హెచ్చరిక. పెట్రోలు గొట్టాలు ఒత్తిడితో ఉండేవి. వాటి అతుకులను వచ్చీరాని చేతులతో విప్పి బిగించడం, వేడి పొగ గొట్టాల ప్రక్కగా రబ్బరు గొట్టాలను నడపడం ప్రాణాపాయం. శక్తి పెంచుకొన్న ప్రతివారూ మొదట పరీక్షా యంత్రం మీద, పూర్తి బలంతో, గాలి పెట్రోలు పాళ్ళను చూచుకొన్న తరువాతనే రోడ్డు మీదికి రావలెను. ఆ వేగాన్ని చూపవలసిన స్థలం పందెపు బాట గాని, పదిమంది నడిచే రోడ్డు కాదు.

చివరగా ఒక వింత చెప్పి ముగిస్తాము. ఫార్ములా వన్ పందాలలో 2014లో ఒక నియమం వచ్చినది. ఇంజనులోకి పోయే ఇంధనం గంటకు వంద కిలోలకు మించరాదని ఆ నియమం. శక్తి తగ్గిపోతుందని కొందరు అనుకొన్నారు. కాని ఇంజనీర్లు ఆ వంద కిలోలలోని ప్రతి గ్రామునుండి ఎక్కువ పని రాబట్టడానికి పూనుకొన్నారు. 2017లో మెర్సిడెస్ వారు పరీక్షా యంత్రం మీద తమ ఇంజను ఇంధనశక్తిలో సగానికి పైగా పనిగా మార్చినదని ప్రకటించారు. సాధారణమైన పెట్రోలు ఇంజను మూడో వంతు ప్రాంతాన ఆగిపోతుంది. ప్రవాహానికి హద్దు పెట్టిన ఈ నియమాన్ని చూచినప్పుడెల్లా, 1941 నాటి ఆ చిన్న ఇత్తడి బిళ్ళ మాకు గుర్తుకు వస్తుంది.

గుత్తి దారిలో మా డ్రైవరు చదువుకొన్నవాడు కాదు. కాని టాంకులో ఎంత ఉన్నదని అతడు చూడలేదు. ఎక్కడ ఆగినదని చూచాడు. తడిగుడ్డ కాలం గడచిపోయినది. ఆ చూపు అవసరం మాత్రం గడచిపోలేదు.